తగని దాత

…పొరపాటు కాకపోతే మరేమిటి? పొద్దున మీటింగులో తెరమీద ఆ స్కాన్ వెలిగినప్పుడు తను ముందు వరుసలోనే కూర్చున్నాడు. రెండు కిడ్నీలూ చెక్కిపెట్టినట్టున్నాయి. ఒక్కోదానికి ఒక్కటే ధమని, వంకర టింకర లేకుండా, ఆపరేషన్ చేసేవాళ్లు కలగనే రకం. రక్తం గ్రూపు కలిసింది. అన్న రక్తానికీ చెల్లెలి కణాలకీ పేచీ లేదని ల్యాబు చెప్పింది. ఆమెకు షుగరు లేదు, బీపీ లేదు. రోజంతా కొలనులో దిగి పిల్లలకు ఈత నేర్పే మనిషి. అంత శుభ్రమైన రిపోర్టులు తను ఈమధ్య చూడలేదు. అవన్నీ చూసిన మేడమే, నెఫ్రాలజీకంతటికీ పెద్ద అయిన మనిషే, భోజనాల వేళకు వరండాలో ఆ తల్లిని నిలబెట్టి, "మీ అమ్మాయి తగిన దాత కాదమ్మా, ఇంకో దారి చూద్దాం" అని చెప్పి వెళ్లిపోయారు. తల్లి గోడ పట్టుకుని ఉండిపోయింది. ఆ పక్కనే నిలబడి విన్న తనకి మాత్రం లోపల ఏదో ఎగిరి గంతేసింది.

ఆ గంతు ఏమిటన్నదే ఇప్పుడు లిఫ్టులో అతన్ని వేధిస్తున్న ప్రశ్న. జాలి అలా గంతెయ్యదు, జాలి కూలబడుతుంది. కోపమైతే పళ్లు బిగిస్తుంది. ఇది అవేవీ కాదు. పరీక్ష హాల్లో చివరి ప్రశ్నకు జవాబు తట్టినప్పుడు బల్లకింద కాళ్లు వాటంతట అవే ఊగుతాయే, అలాంటిది. ఒక మనిషికి అందవలసిన కిడ్నీ అందకుండా పోతుంటే నాకెందుకింత సంతోషం అనుకున్నాడు. అనుకుని, లిఫ్టు అద్దంలో ముఖం సర్దుకున్నాడు. ముఖం మాట వినలేదు.

అతన్ని ఈ ఆసుపత్రిలో చూపుల డాక్టరంటారు. ఆ పేరు పెట్టింది డయాలిసిస్ హాలు నడిపే పెద్ద సిస్టర్. మరో దేశంలో వైద్యం చదివి, ఏళ్ల తరబడి అక్కడి డయాలిసిస్ వార్డు భుజాన మోసినవాడు, ఇక్కడికి వచ్చేసరికి మళ్లీ మొదటి మెట్టు మీద నిలబడ్డాడు. అబ్జర్వర్‌షిప్ అంటే చూడటం, వినటం, అంతే. రోగిని ముట్టుకోకూడదు. కేస్ షీటులో గీత గియ్యకూడదు. రోగికి గానీ వాళ్ల ఇంటివాళ్లకి గానీ ఒక్క ముక్క చెప్పకూడదు. అన్నిటికీ ఒప్పుకునే వచ్చాడు. మొదట్లో అది అవమానంలా ఉండేది. తర్వాత అలవాటైంది, ఆ అలవాటే అతన్ని భయపెట్టింది. చూసేవాణ్ని ఎవరూ చూడరు. గుంపులో వెనకాల నిలబడి నిలబడి, తను లేకపోయినా ఆ గుంపు అలాగే ముందుకు నడుస్తుందని తెలిసిపోయింది.

ఈ శుక్రవారంతో గడువు అయిపోతుంది. వెళ్లిపోయే అబ్జర్వర్లలో ఒకరిని మేడమ్ తన పరిశోధన జట్టులో ఉంచుకుంటారట. అది ఎవరన్నది ఆవిడ ఇంతవరకు పైకి అనలేదు. అసలు తన పేరైనా ఆవిడకు తెలుసో లేదో అనుమానమే. ఇవాళ్టితో తెలుస్తుంది. రిపోర్టులు తారుమారయ్యాయి, లేదా ఆవిడ ఇంకెవరి కాగితాలో చూసి ఈమెవనుకున్నారు. అంతమందిలో దాన్ని పట్టుకున్నవాడు తనొక్కడే.

"మేడమ్, ఒక చిన్న సందేహం" అని మొదలుపెట్టాలి. వద్దు, సందేహమంటే లోకువైపోతాను. "మేడమ్, నాకొకటి కనిపించింది." అదీ వద్దు, పొగరుగా ఉంటుంది. మాటలు ఏరుకుంటుండగానే లిఫ్టు ఆగింది.

మేడమ్ గదిలో లేరు. ఐసీయూకి వెళ్లారు, వచ్చేస్తారన్నారు. ఆగి ఉండవలసింది అక్కడే, ఆ గది ముందు. కానీ అంత ఉత్సాహాన్ని ఒళ్లో పెట్టుకుని కుర్చీలో కుదురుగా కూర్చోవడం ఎవరి తరం? కాళ్లు డయాలిసిస్ హాలు వైపు లాగాయి.

హాల్లో మెషీన్లు ఒకే గొంతుతో గొణుగుతున్నాయి. ప్రతి కుర్చీలో ఒక మనిషి. ఆ మనిషి చేతినుంచి మెషీన్‌కి పోయే ఎర్ర గొట్టం, మెషీన్ నుంచి తిరిగొచ్చే ఎర్ర గొట్టం.

"వచ్చాడండీ బాబు," అంది పెద్ద సిస్టర్, కూస్తున్న అలారం నొక్కి నోరు మూయిస్తూ. "ఏం నాయనా, ఇవాళేం చూద్దామని?"

"ఊరికే, సిస్టర్."

"ఊరికే వచ్చిన మొహం కాదది. ఏదో మింగలేక కక్కలేక వచ్చినట్టున్నావు. చూస్తే చూశావు గానీ ఆ కుర్చీలకి ఆనుకోకు. ట్యూబు కదిలిందంటే నా ప్రాణం మీదికొస్తుంది."

కిటికీ పక్క కుర్చీలో సిటీ బస్సు డ్రైవరున్నాడు. ఆ ఈత నేర్పే అమ్మాయికి అన్న. ఎడమచేతికి సూదులు, కుడిచేతిలో ఐసుముక్కల గ్లాసు. నీళ్లు కొలిచి తాగాలి గనుక దాహమేసినప్పుడల్లా ఒక ముక్క బుగ్గన పెట్టుకుంటాడు.

"రండి డాక్టరుగారూ," అన్నాడు. "సీటు నాది, స్టీరింగ్ దీనిది," అని గడ్డంతో మెషీన్‌ని చూపించాడు. "మా ఇంటి కబురు విన్నారుగా. చిన్నప్పుడు మా చెల్లి నాకు పెన్సిలు ముక్క కూడా ఇచ్చేది కాదు. ఇప్పుడు కిడ్నీ ఇస్తానంటే డాక్టర్లే వద్దన్నారు. నా జాతకం అలా ఏడిచింది." నవ్వబోయి, నవ్వుకు బదులు ఐసు నోట్లో వేసుకున్నాడు.

"వీడికి అన్నీ నవ్వులాటే," అంది తల్లి. ఆవిడ కొడుకు కాళ్ల దగ్గర చిన్న స్టూలు మీద కూర్చుని ఉంది, ఒళ్లో చేతిసంచీ. "బాబూ, నువ్వు చెప్పు. దానికి లోపలేం జబ్బుంది? పెద్ద డాక్టరమ్మ నోరు విప్పదు. తగదు, అంతే అంది. తగకపోవడానికి ఇదేమన్నా చెప్పుల జోడా? దానికేదో పెద్దదే ఉంది, నాకు చెప్పట్లేదు. కొడుకు కోసం ఏడవనా, కూతురికేమైందో అని ఏడవనా? ఉన్న రెండు కళ్లతో ఎంతమందికని ఏడవను?"

అతను చెప్పకూడదు. చెప్పకూడదని తెలుసు. నోరు విప్పేముందు తన మనసును తనే పట్టి చూసుకున్నాడు కూడా: ఇది ఈవిడ భయం తీర్చడానికా, లేక నా మాట ఒక్కరైనా వింటారనా? జవాబు వచ్చేలోపే నోరు జారింది.

"మీ అమ్మాయికి ఏ జబ్బూ లేదమ్మా. స్కాన్ నేను చూశాను. బంగారంలా ఉన్నాయి రెండూ. ఎక్కడో పొరపాటు జరిగింది. మేడమ్‌తో మాట్లాడటానికే వెళ్తున్నాను."

తల్లి లేచి నిలబడింది. ఒళ్లోని సంచీ జారి కిందపడినా చూసుకోలేదు. రెండు చేతులతో అతని చెయ్యి పట్టుకుంది. ఇన్ని వారాల్లో ఈ ఆసుపత్రిలో అతన్ని ముట్టుకున్న మొదటి మనిషి ఆవిడే. ఒళ్లంతా వెచ్చగా అయిపోయింది. డ్రైవరు మాత్రం ఐసు చప్పరించడం ఆపి, ముఖం కిటికీ వైపు తిప్పుకున్నాడు. కన్నీళ్లు దాచుకుంటున్నాడనుకున్నాడు అతను.

మేడమ్ గదిలో చేతులు కడుక్కుంటున్నారు. అతను తలుపు దగ్గరే నిలబడి, ఏరుకున్న మాటలన్నీ మరిచిపోయి, ధమనుల దగ్గర మొదలుపెట్టి రక్తం గ్రూపు దాకా గుక్కతిప్పుకోకుండా చెప్పేశాడు. ఆవిడ కుళాయి కట్టి, వేలు వేలూ తుడుచుకుంటూ చివరిదాకా విన్నారు.

"స్కాన్ బాగా చదివావు," అన్నారు.

ఆ ఒక్క మాటకి అతని గుండె నిండిపోయింది.

"పొరపాటేమీ జరగలేదు. అది ఆ అమ్మాయిదే."

"మరి మీరు..."

"పొద్దున మీటింగయ్యాక ఆ అమ్మాయిని ఈ గదిలోకి పిలిచాను. మిమ్మల్నందర్నీ బయట ఉండమన్నాను. గుర్తుందా?"

గుర్తుంది. అబ్జర్వర్లంతా ఆ కాసేపూ వరండాలో కాఫీ తాగారు. మేడమ్ ఫోనులో మాట్లాడుకుంటున్నారేమో అనుకున్నాడు తను.

"దాతనన్నవాళ్లని ఎవరినైనా అలా ఒంటరిగా కూర్చోబెట్టి ఒక్కటే అడుగుతాను. నీకు ఇవ్వాలని ఉందా? ఇక్కడ మీ అమ్మ లేదు, మీ అన్న లేడు, నువ్వేమన్నా ఈ గది దాటదు అంటాను. లేదు అంటే చాలు. ఎందుకని అడగను. బయటికొచ్చి తగిన దాత కాదని చెబుతాను. అంతకుమించి ఒక్క ముక్క పొడిగించను. ఇది ఇక్కడ పనిచేసే అందరికీ తెలుసు. తెలుసు కాబట్టే ఎవరూ నోరెత్తరు."

"అంటే ఆమె వద్దంది."

"ఏమందో నేను నీకు చెప్పలేదు. చెప్పను కూడా." ఆవిడ కూర్చున్నారు. "మీ దేశంలో ఎలా చేసేవాళ్లు?"

"ఇంటిల్లిపాదినీ ఒకేచోట కూర్చోబెట్టి అడిగేవాళ్లం."

"ఏమనేవాళ్లు?"

"అందరూ సరే అనేవాళ్లు." అంటుండగానే ఆ మాట అతనికి వేరేగా వినిపించింది. తల్లి ఎదురుగా, మంచంలో ఉన్నవాడి ఎదురుగా, కాదని ఎవరు మాత్రం అనగలరు?

మేడమ్ అతని ముఖం వైపు చూశారు. నిజంగా చూడటం అదే మొదటిసారి. దీని కోసమే కదా ఇన్ని వారాలు ఆశపడ్డాను అనుకున్నాడు. ఇప్పుడు ఆ చూపు ఎప్పుడు తప్పుకుంటుందా అని ఉంది.

"ఈ సంగతి ఇంకెవరితోనైనా అన్నావా?"

"ఆ తల్లితో."

ఆవిడ కోప్పడలేదు. కోప్పడినా బాగుండేది. "ఆ అమ్మాయి చుట్టూ ఒక గోడ కట్టాం. నువ్వు దానికి తలుపు పెట్టి, తాళం చెవి తీసుకెళ్లి వాళ్లమ్మ చేతిలో పెట్టావు."

"నన్ను రేపటి నుంచి రావద్దంటారా?"

"నీ గురించి ఆలోచించే తీరిక నాకిప్పుడు లేదు."

అంతలో పెద్ద సిస్టర్ తలుపు తోసుకుని వచ్చింది. "మేడమ్, కొంప మునిగింది. ఆ పెద్దావిడ కూతురికి ఫోను చేసింది. నీకేం లేదట, నిక్షేపంగా ఇవ్వొచ్చట, సాక్షాత్తూ చూపుల డాక్టరే చెప్పాడని. ఆ అమ్మాయి బయల్దేరిందట. ఈవిడేమో కుర్చీ కుర్చీకీ వెళ్లి అందరికీ శుభవార్త చెబుతోంది." అప్పుడు అతన్ని చూసి, "నోరు కట్టేసుకుని కూర్చోవడం కంటే తేలిక ఉద్యోగం ఉందా నాయనా లోకంలో," అంది. తిట్టినట్టు లేదు, అలిసిపోయినట్టుంది.

"నేను వెళ్లి మళ్లీ తగదంటే ఆవిడ ఇక నమ్మదు," అన్నారు మేడమ్, ఎవరితోనూ కాకుండా. "రెండు మాటల్లో తనకి కావలసింది ఏరుకుంటుంది." బల్లమీద ఫోను మోగింది. ఐసీయూ. విని, లేచారు. "అక్కడ ఒకరికి బాగాలేదు. నేనొచ్చేదాకా ఆ హాల్లోకి వెళ్లకు. ఏమీ చెయ్యకు. చూడటం వరకే నీ పని."

ఆవిడా సిస్టరూ వెళ్లాక అతను గది బయట వరండాలో ఒక్కడే మిగిలాడు. విచిత్రమేమిటంటే, లోపలి గంతులు ఆగలేదు. సిగ్గుపడాలి, పడుతున్నాడు, భయపడాలి, అదీ పడుతున్నాడు. కానీ వాటన్నిటి అడుగున ఇంకా ఏదో చురుగ్గా పరిగెడుతోంది, పరిగెత్తడానికి కారణం దొరికితే చాలన్నట్టు. మనసుకి మంచీ చెడ్డా తర్వాత, ముందు వేడి కావాలి కాబోలు.

మెట్లమీద చప్పుడైంది. రెండేసి మెట్లు ఎక్కుతూ ఆమె వచ్చింది. తడి జుట్టు, మెడలో ఈల, ఆమెకంటే ముందు కొలనులో కలిపే మందు వాసన.

"చూపుల డాక్టరంటే మీరేనా?"

"నేనే."

"మా అమ్మ ఫోనులో ఏడ్చింది. సంతోషంతో. ఆవిడ అలా ఏడ్చి ఎన్నాళ్లయిందో నాకే గుర్తులేదు."

"క్షమించండి. నాకు తెలియక..."

"మీరు మంచికే అన్నారు. అదే కదా చిక్కు. మా ఇంట్లో అందరూ మంచికే అంటారు." ఆమె హాలు తలుపు వైపు చూసింది గానీ కదల్లేదు. "నా దగ్గరకొచ్చే పిల్లల్ని మొదటిరోజు నీళ్లలోకి తొయ్యను. తోసేవాళ్లున్నారు. తోస్తే ఈత వస్తుంది కూడా. కానీ ఆ పిల్ల ఇక జన్మలో నీళ్లని నమ్మదు, తోసినవాళ్లనీ నమ్మదు."

ఆమె తడి జుట్టు వెనక్కి తోసుకుంది.

"పొద్దున ఆ గదిలో ఒక మాటన్నాను. అనేసి మెట్లు దిగుతుంటే ఒళ్లు దూదిపింజలా అయిపోయింది. అన్న అక్కడ సూదులకి కట్టేసి ఉంటే నాకింత తేలికేమిటని మళ్లీ నామీద నాకే అసహ్యమేసింది. మీకిలాంటివి తెలియవులెండి."

తెలుసు, అనబోయాడు. పొద్దున ఆమె మెట్లమీద, మధ్యాహ్నం తను లిఫ్టులో; ఉండకూడని చోట ఉబికిన సంతోషాన్ని ఇద్దరూ ఒకేలా దాచుకున్నారు. కానీ అది ఇప్పుడు చెప్పుకునే కబురు కాదు.

"ఇప్పుడేం చేస్తారు?" అన్నాడు.

"లోపలికెళ్లి సరే అంటాను. వేరే మాటకి చోటెక్కడుంచారు?"

ఆ "సరే" వినగానే అతనిలో పరిగెడుతున్నదానికి దారి దొరికింది. "మీరు ఇక్కడే ఉండండి. నేను పొరబడ్డానని చెబుతాను."

"మీరు పొరబడలేదుగా."

"లేదు."

ఈ దేశంలో అడుగుపెట్టాక తను సరిగ్గా చూసిన మొదటి సంగతి ఇదే. మేడమ్ మెచ్చుకున్నదీ ఇదే. దీన్నే ఇప్పుడు హాలు నిండా జనం ముందు తప్పని ఒప్పుకోవాలి, అదీ వెళ్లవద్దన్న చోటికి వెళ్లి.

వెళ్లాడు. తల్లి ఎదురొచ్చింది. కుర్చీల్లో తలలన్నీ ఇటు తిరిగాయి. పెద్ద సిస్టర్ ఒక్క చూపు చూసి, ఆపబోయి, ఆగింది.

"అమ్మా, నేను పొరబడ్డాను. నేను చూసిన స్కాన్ మీ అమ్మాయిది కాదు. మీ అమ్మాయి ఆరోగ్యానికి ఏ ఢోకా లేదు, దానికి మీరు బెంగపెట్టుకోకండి. కానీ మేడమ్ చెప్పిందే నిజం. దాతగా తగదు."

"ఎవరిది మరి నువ్వు చూసింది?"

"వేరేవాళ్లది."

"బంగారమన్నావు. నా చెయ్యి పట్టుకుని చెప్పావు."

చెయ్యి పట్టుకున్నది ఆవిడే. అతను సరిదిద్దలేదు. "కొత్తవాణ్నమ్మా. తొందరపడ్డాను."

"నువ్వసలు చదువుకున్నవాడివేనా?" అంది తల్లి. గట్టిగా కూడా అనలేదు. ఎవరో కిసుక్కుమన్నారు. మరెవరో, "పాపం, పరాయి చదువు," అన్నారు. చెవులు కాలిపోతుండగా నిలబడ్డాడు.

తల్లి స్టూలు మీద కూలబడింది. "దానికిప్పుడేం చెప్పను? ఉన్నపళంగా రమ్మన్నానే..."

"అమ్మా," అన్నాడు డ్రైవరు. "గ్లాసులో ఐసు అయిపోయింది. ఆ చివర సిస్టర్‌నడిగి పట్రావా?"

ఆవిడ గ్లాసు తీసుకుని మెల్లగా నడిచింది. ఆవిడ సగం దూరం వెళ్లేదాకా డ్రైవరు చూస్తూ ఉన్నాడు. తర్వాత గొంతు తగ్గించి, "దగ్గరికి రండి," అన్నాడు. "బస్సు నడిపేటప్పుడు అద్దంలో ఒక్క చూపు చూస్తే టిక్కెట్టు కొననివాడెవడో నాకు తెలిసిపోయేది. మీ మొహం ఇప్పుడు అలా ఉంది."

అతను ముఖం దించుకున్నాడు.

"చెల్లి వచ్చిందా?"

అతని చూపు తలుపు వైపు పోయింది.

"వచ్చింది. మీ వెంటే వచ్చింది ఆ కొలను వాసన. పిలవండి. అమ్మ తిరిగొచ్చేలోపు దాన్నొకటి అడగాలి."

"ఏమడుగుతారు?"

"అది మా అన్నాచెల్లెళ్ల మాట."

అతను ఆ ముఖంలోకి చూశాడు. బతకాలనుకునేవాడు అడిగేది ఒకటుంటుంది. చెల్లెల్ని వదిలెయ్యాలనుకునేవాడు అడిగేది మరొకటుంటుంది. ఇన్ని వారాలుగా చూడటమే పనిగా పెట్టుకున్నవాడికి ఆ ముఖంలో ఏదీ దొరకలేదు. కళ్లు మాత్రం తలుపు మీదే ఉన్నాయి. హాలు చివర పెద్ద సిస్టర్ గ్లాసులో ఐసు వేస్తోంది, ఎందుకో చాలా తీరిగ్గా, ముక్క తర్వాత ముక్క.

అతను తలుపు తీసుకుని వరండాలోకి వచ్చాడు. చెల్లెలు ఉండమన్న చోటే ఉంది. అతన్ని చూడగానే ఈల పిడికిట్లో బిగించి, లోపలికి వెళ్లడానికి అడుగు ముందుకేసింది. ఆమె వెనక, వరండా ఆ కొస నుంచి మేడమ్ వస్తున్నారు. అతను ఎక్కడినుంచి బయటికొచ్చాడో చూడనే చూశారు.

అతను తలుపు మూసి, దానికి వీపు ఆనించి నిలబడ్డాడు.

"మీ అన్నయ్య పిలుస్తున్నాడు," అన్నాడు. "వెళ్లాలని ఉందా?"